రెండు రోజుల చదువుతో కంటి జోలికి వెళ్లొద్దు

పల్నాటి అక్కాచెల్లెళ్లకు, పార్లర్లు నడుపుకుంటున్నవాళ్లకు, జిల్లా అధికారులకు విన్నపం.

పెళ్లికూతురి ముస్తాబంటే ఒకప్పుడు ఫేషియల్, పూలజడ, గోరింటాకు. ఇప్పుడు ఫోన్లో రీల్స్ చూసి వచ్చే ఆడపిల్ల "లాషెస్ వేస్తారా?" అని అడుగుతోంది. నరసరావుపేటలో ఈ ఏడు అడిగింది మాచర్లలో, గురజాలలో వచ్చే ఏడు అడుగుతారు. అడిగేవాళ్లుంటే నేర్పేవాళ్లకు కొదవుండదు. రెండు రోజుల్లో ఐలాష్ ఎక్స్‌టెన్షన్ నేర్పి, రంగుల సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపే శిక్షణలు ఈ రంగంలో మామూలైపోయాయి. పార్లర్ పెట్టుకోవాలనుకునే అమ్మాయి అప్పోసప్పో చేసి ఆ ఫీజు కడుతుంది. పని నేర్చుకోవద్దని నేను అనడం లేదు. మిరపకోతకు, పత్తితీతకు పోయే ఇళ్లలో పిల్లలు నీడపట్టున కూర్చుని చేసుకునే పని దొరికితే అంతకన్నా కావలసిందేముంది? నా అభ్యంతరం ఆ రెండు రోజుల మీదే. ఈ పనికి జిల్లాలోనే, ప్రభుత్వ ఖర్చుతో, సరిపడా గంటల శిక్షణ పెట్టాలి. అది పూర్తికాకుండా ఎవరూ ఇంకొకరి కంటి మీద గమ్ము పెట్టకూడదు. కోరుతున్నది ఇంతే.

ముందు పనేమిటో దగ్గరగా చూద్దాం. మేకప్పుతో పాటు అతికించి రాత్రికి ఊడదీసే స్ట్రిప్ లాషెస్ వేరు, ఇది వేరు. పై రెప్పకు దాదాపు తొంభై నుంచి నూట యాభై వెంట్రుకలుంటాయి. మనిషిని పడుకోబెట్టి, కింది రెప్పను జెల్ ప్యాడ్‌తో కప్పి, ఎడమచేతి ట్వీజర్‌తో ఆ వెంట్రుకల్లో ఒక్కదాన్ని పక్కవాటి నుంచి విడదీసి పట్టుకోవాలి. కుడిచేతి ట్వీజర్‌తో 0.15 మిల్లీమీటర్ల మందమున్న కృత్రిమ వెంట్రుకను తీసి, మొదలును గమ్ములో ముంచి, ఆ ఒక్కదాని మీదే కూర్చోబెట్టాలి. చర్మానికి తగలకుండా అర మిల్లీమీటరో, మిల్లీమీటరో ఎడం వదలాలి. రెండు కళ్లూ పూర్తయ్యేసరికి రెండు గంటలు పడుతుంది, కొత్తచేతికి ఇంకా ఎక్కువే. అసలు చిక్కంతా ఆ విడదీయడంలో ఉంది. రెప్ప వెంట్రుకలన్నీ ఒక్కసారి పెరగవు. ఒకటి మొలుస్తుంటే పక్కది రాలడానికి సిద్ధంగా ఉంటుంది. గమ్ము జారి రెండూ కలిసి అతుక్కుంటే, పెరిగేది రాలేదాన్ని లాగుతుంది, రాలేది పెరిగేదాన్ని పీకుతుంది. మొదటిరోజు ఏమీ కనపడదు. కస్టమరు మురిసిపోతుంది, ఫొటో దిగి స్టేటస్ పెట్టుకుంటుంది. వారం పది రోజులకు సలుపు మొదలవుతుంది. లాగుడు అలాగే కొనసాగితే వెంట్రుక కుదురే దెబ్బతిని అక్కడ ఖాళీ పడుతుంది. నిన్న సర్టిఫికెట్టు తీసుకున్న అమ్మాయికి తన తప్పు కనపడేది ఇంత ఆలస్యంగా. అప్పటికి అదే తప్పు ఇంకో పదిమంది కళ్ల మీద చేసి ఉంటుంది.

ఇక గమ్ము. అది సయనోయాక్రిలేట్. విరిగిన ప్లాస్టిక్ బొమ్మను ఇంట్లో అతికించుకునే గమ్ముదీ అదే కుటుంబం. 1942లో అమెరికాలో కొడాక్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్ తుపాకులకు అమర్చే పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుండగా ఈ పదార్థం ఎదురైంది. ముట్టుకున్నదానికల్లా అంటుకుంటోందని అప్పట్లో దాన్ని పక్కన పెట్టేశారు కూడా. గాలి తగిలి ఆరే జిగురు కాదిది, తేమ తగిలి గట్టిపడే జిగురు. మన జిల్లాకు సంబంధించిన సంగతి సరిగ్గా ఇక్కడే ఉంది. ఎండాకాలంలో వాతావరణ వార్త వింటే మన రెంటచింతల పేరు రాకుండా ఉండదు. ఆ పొడి వడగాలిలో గమ్ము ఆలస్యంగా పట్టుకుంటుంది. పెట్టిన వెంట్రుక పక్కకు వాలిపోతుంది, ఈలోగా గమ్ము ఆవిరి కంట్లోకి పోయి నీళ్లు కారతాయి. అదే గమ్ము శ్రావణమాసపు ముసురులో బొట్టుగా ఉండగానే గట్టిపడి, వెంట్రుకను తాకేసరికి పట్టు పోతుంది. అందుకే తెలిసినవాళ్లు గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకుంటారు. తేమ నలభై నుంచి అరవై శాతం మధ్య ఉండేలా చూసుకుంటారు, రుతువును బట్టి గమ్ము మారుస్తారు. యూట్యూబ్‌లో చూసి నేర్చుకోవచ్చు కదా అనేవాళ్లకు నా జవాబు కూడా ఇదే. చేతి కదలిక వీడియోలో కనపడుతుంది. ఎక్కడో ఏసీ గదిలో తీసిన ఆ వీడియోలో, మే నెలలో కరెంటు పోయిన మాచర్ల గది కనపడదు.

ఆ గమ్ము పడనివాళ్లు ఉంటారు. రెప్పలు వాచి, ఎర్రబడి, తెల్లారేసరికి కళ్లు తెరవలేని స్థితి వస్తుంది. పోయినసారి ఏమీ కానివాళ్లకు ఈసారి కావచ్చు, ఎందుకంటే ఎలర్జీ కొందరిలో వాడగా వాడగా పుడుతుంది. ఒకటి రెండు రోజుల ముందు నాలుగైదు వెంట్రుకలు మాత్రమే అతికించి చూడడాన్ని ప్యాచ్ టెస్ట్ అంటారు. కోర్సే రెండు రోజులైతే ఆ పరీక్షను ఎప్పుడు చేసి చూపిస్తారు? ఇరవై నాలుగు గంటలు ఆగి ఫలితం ఎప్పుడు చూస్తారు? కాగితం మీద రాయించి వదిలేయాలి, అంతే. ఒకరికి వాడిన ట్వీజర్‌ను సరిగా శుభ్రం చేయకుండా ఇంకొకరికి వాడితే కండ్లకలక, రెప్పల అంచున ఇన్ఫెక్షన్ వస్తాయి. అతికించినవాటిని రుద్ది కడగకూడదేమోనని భయపడి కళ్లు కడుక్కోవడమే మానేసే కస్టమర్లకు రెప్పల మొదట్లో మురికి పేరుకుని కురుపులు లేస్తాయి. ఇవన్నీ ముందే చెప్పి పంపాల్సింది పని చేసిన అమ్మాయే. కంట్లో గమ్ము పడితే ఏం చేయాలి? పీకకూడదు, నలపకూడదు, మంచినీళ్లతో కడుగుతూ వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఈ ఒక్క ముక్కైనా నోటికి రానివాళ్ల చేతికి గమ్ము సీసా ఇవ్వడమేమిటి?

బయటి దేశాలు దీన్ని ఆటగా తీసుకోలేదు. కంటి జబ్బుల ఫిర్యాదులు వచ్చాక జపాన్ ఆరోగ్య శాఖ 2008లో, రెప్పలకు వెంట్రుకలు అతికించే పని బ్యూటీషియన్ లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలని స్పష్టం చేసింది. ఆ లైసెన్సు కావాలంటే అక్కడ రెండేళ్లు బడిలో చదవాలి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఈ ఒక్క పనికే విడిగా లైసెన్సు పెట్టి 320 గంటల శిక్షణ అడుగుతుంది. ఆ రాష్ట్రంలోని డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎందరున్నారో పల్నాటి పల్లెలకు చెప్పక్కర్లేదు. పెళ్లయి అక్కడికి వెళ్లిన పిల్లకు ఇక్కడి రెండు రోజుల కాగితం దేనికీ పనికిరాదు. మిన్నెసోటా రాష్ట్రం మాత్రం 38 గంటలతో సరిపెట్టింది. కాబట్టి ఎన్ని గంటలన్నది చర్చించుకోవలసిన విషయమే. మన దగ్గర ఆ చర్చే లేదు. దుకాణం రిజిస్ట్రేషన్ ఉంటే చాలు, కంటి మీద పనిచేసే చేతికి ఏ లైసెన్సూ అడగం.

"బీదపిల్లలు ఏదో నాలుగు రాళ్లు సంపాదించుకుంటుంటే రూల్సు పెట్టి పొట్టకొడతారా?" అనే మాట వస్తుంది. తేలిగ్గా తీసిపారేసే మాట కాదిది. లైసెన్సుల పేరుతో బీదవాళ్లను వేధించిన చరిత్ర మనకు కొత్తేమీ కాదు. ఇన్‌స్పెక్టరుకు చేతులు తడిపే ఇంకో పద్ధతి కావాలని నేనూ కోరను. అందుకే శిక్షలతో కాకుండా ఉచిత శిక్షణతో మొదలుపెట్టమంటున్నాను. అయినా పొట్ట కొడుతున్నది ఎవరో ఆలోచించండి. హైదరాబాదులో ఒక పార్లరులో కన్ను వాస్తే కస్టమరు ఇంకో పార్లరుకు పోతుంది, అమ్మాయి ఇంకో పేటకు పోతుంది. పిడుగురాళ్లలో అలా కుదరదు. పొద్దున కన్ను వాస్తే సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. ఆ అమ్మాయి దగ్గరికి లాషెస్‌కే కాదు, ఐబ్రోస్‌కు కూడా ఎవరూ రారు. తప్పుడు శిక్షణ ఇచ్చినవాడు ఫీజు పుచ్చుకుని ఇంకో ఊళ్లో ఇంకో బ్యాచి పెట్టుకుంటాడు. అప్పు, అపవాదు మాత్రం పిల్ల మెడకు చుట్టుకుంటాయి.

"అసలు పల్నాడులో ఈ పనికి గిరాకీ ఎంత?" అనేది ఇంకో ప్రశ్న. నిజం చెప్పాలంటే కొద్దిగానే. ఎక్స్‌టెన్షన్లతో వచ్చే స్థిరమైన ఆదాయం మొదటిసారి వేసినదాంట్లో లేదు, రీఫిల్‌లో ఉంది. సొంత వెంట్రుకలతో పాటు అతికించినవీ రాలిపోతాయి కనుక రెండు మూడు వారాలకోసారి మళ్లీ నింపించుకోవాలి. అలా నెలనెలా వచ్చేవాళ్లు పెద్ద నగరాల్లో దొరుకుతారు. మనకు వచ్చేది ఎక్కువగా పెళ్లికూతురు, ముహూర్తాలున్న నెలల్లో. ఇది మాత్రమే నేర్చుకుని దుకాణం తెరిస్తే మూఢం రాగానే తాళం వేసుకోవాలి. ఒకరికి రెండు గంటలంటే మెడ, నడుము పట్టేసే ఈ పనిలో రోజుకు ముగ్గురికి మించి చేయడం కష్టం. కాబట్టి థ్రెడింగు, జుట్టు, మేకప్ చేతిలో ఉన్న బ్యూటీషియన్ దీన్ని అదనపు పనిగా నేర్చుకోవాలి, ఇదే మొదటి మెట్టు కాకూడదు. ఉద్యోగం గ్యారంటీ అని ఊరించేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

పైగా మన పెళ్లికి తగిన లెక్క ఇంకొకటుంది, అది ఏ నగరపు కోర్సులోనూ నేర్పరు. అతికించాక మొదటి రోజంతా తడి, ఆవిరి తగలకూడదంటారు. నూనె తగిలితే పట్టు సడలుతుందన్నది ఈ పనివాళ్లందరూ చెప్పే మాటే. మన పెళ్లికూతుర్ని చేసే తంతులో ఏముంది? తలకు నూనె, ఒంటికి నలుగు, మంగళస్నానం. ముందురోజే లాషెస్ వేసి పంపితే నలుగుపిండి వాటిలో ఇరుక్కుంటుంది. అమ్మలక్కలు మొహం మీద పసుపు రుద్దుతుంటే వద్దనే ధైర్యం ఏ పెళ్లికూతురికుంటుంది? మంగళస్నానం అయ్యాక, ముహూర్తానికి తగినంత ముందుగా వేయాలి. ప్యాచ్ టెస్ట్ అంతకు రెండు రోజుల ముందే జరిగిపోవాలి. ఆ తర్వాత హోమం పొగ, నెత్తి మీంచి జారి రెప్పల్లో పడే తలంబ్రాలు, చివరికి అప్పగింతల ఏడుపు. వీటన్నిటికీ తట్టుకోవాలంటే ఎంత పొడవు వెంట్రుక, ఎంత పలచగా వేయాలో ఇక్కడి పెళ్లిళ్లు ఎరిగిన మనిషి నేర్పాలి. కొందరు పెళ్లికూతుళ్లకు స్ట్రిప్ లాషెస్ చాలు, ఎక్స్‌టెన్షన్ వద్దు అని చెప్పగలగడం కూడా పనితనంలో భాగమే.

దేవుడిచ్చిన కళ్లు చాలవా, ఈ సోకులెందుకు అనే పెద్దలతో నాకు పేచీ లేదు. వాళ్లు వేయించుకోనక్కర్లేదు. వేయించుకునే పిల్లలు మాత్రం ఎలాగూ వేయించుకుంటారు.

దారి కొత్తగా వేయాల్సిన పనిలేదు. లీడ్ బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో, అంటే ఆర్‌సెటిల్లో, బ్యూటీపార్లర్ కోర్సు ఉచితంగా, భోజనం వసతితో సహా ఉంది. ఐటీఐల్లో ఏడాది కాస్మొటాలజీ ట్రేడు ఉంది. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ 2014 నుంచి ఉంది. వీటిలో ఏదో ఒకటి ముగించిన పిల్లలకు పైచదువుగా రెప్పల పని కోసం కనీసం అరవై గంటలు కలపాలి. మొదటి ఇరవై గంటలు బొమ్మ తల మీదే, గమ్ము లేకుండా విడదీయడం, గమ్ముతో అతికించడం, ఊడదీయడం సాగాలి. ఊడదీయడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి, ఎందుకంటే చెడిన పనిని చెడగొట్టకుండా తీయడమే కష్టం. తర్వాత శిక్షకురాలు పక్కనుండగా, ప్యాచ్ టెస్ట్ చేసిన మనుషుల మీద పది పూర్తి సెట్లు వేయాలి. ఒక్కొక్కరినీ మూడు వారాల తర్వాత మళ్లీ పిలిపించి రెప్పలు ఎలా ఉన్నాయో చూశాకే సర్టిఫికెట్టు ఇవ్వాలి. నరసరావుపేట ప్రభుత్వ ఆసుపత్రి కంటి డాక్టరు బ్యాచికి ఒక పూట వచ్చి, ఏ కంటికి పని చేయకూడదో, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలో చెప్పాలి. ఈ పూటకు అయ్యే ఖర్చెంత? ఒక వాహనం, ఒక టీ.

పెట్టుబడికి ముద్ర పథకంలో శిశు రుణం యాభై వేల దాకా ఉంది. మంచం, లైటు, ట్వీజర్లు, తేమ మీటరు, స్టెరిలైజరు అందులో సమకూరతాయి. బ్యాంకులు ఆ రుణం ఇచ్చేటప్పుడు పైన చెప్పిన సర్టిఫికెట్టు అడిగితే రెండు రోజుల కోర్సుల బేరం దానంతటదే పడిపోతుంది. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తుల్లో క్షురకుల్ని చేర్చింది, సంతోషం. అదే అద్దం ముందు నిలబడి పనిచేసే బ్యూటీషియన్ పేరు ఆ జాబితాలో లేకపోవడం కూడా ఢిల్లీకి రాయాల్సిన విషయమే, కానీ అది తర్వాత చూద్దాం.

2022 ఏప్రిల్‌లో పల్నాడు వేరే జిల్లా అయింది కాబట్టి కలెక్టరేట్ కోసం గుంటూరు దాకా పోనక్కర్లేదు. సోమవారం నరసరావుపేటలో అర్జీలు తీసుకుంటారు. డ్వాక్రా సంఘాలు, పార్లర్లవాళ్లు, ఆడపిల్లల్ని ఈ పనికి పంపాలనుకునే తల్లిదండ్రులు కలిసి వెళ్లి అర్జీ పెట్టండి. అందులో మూడు వాక్యాలు చాలు: ఆర్‌సెటి కోర్సుకు అరవై గంటల రెప్పల పని కలపాలి, కంటి డాక్టరు పాఠం తప్పనిసరి చేయాలి, మొదటి బ్యాచి మాచర్ల, గురజాల పిల్లలతో మొదలుపెట్టాలి. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు అడిగి తీసుకోండి. మూడు వారాలకు ఆ నంబరుతో మళ్లీ వెళ్లండి.