బిజినెస్ క్లాసూ, జనరల్ బోగీ

2025లో మన బరంపురం ఠాకురాణీ యాత్రకి మా ఇంటికి ఇద్దరు వచ్చారు. ఒకరు బెంగుళూరు నుంచి మా మావయ్య. ఇంకొకరు సూరత్ నుంచి మా నాన్న. సొంత ఇంటికి నాన్న "వచ్చారు" అనడం బాగోలేదు గానీ, రెండేళ్ళకోసారి యాత్రకి వచ్చి పది రోజులుండి పోయే మనిషి గురించి ఇంకెలా రాయాలి?

మావయ్య అంతకు ముందు నెలలోనే కంపెనీ పని మీద బెంగుళూరు నుంచి ఢిల్లీకి విమానంలో బిజినెస్ క్లాస్‌లో వెళ్ళారు. ఆ కథ మా ఇంట్లో మూడు పూటలు నడిచింది. అందరికన్నా ముందు ఎక్కించడం, మొహం తుడుచుకోడానికి వేడి తువ్వాలు, పింగాణీ ప్లేట్లో భోజనం. అటూ ఇటూ రెండేసి కుర్చీలే. వెనక ఎకానమీలో మూడేసి. "పాపం, వెనకాల వాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూచున్నారు" అన్నారు. అత్తా, పిన్నీ, పక్కింటివాళ్ళూ నోరు తెరుచుకుని విన్నారు. నేనూ విన్నాను. మావయ్య ఇచ్చిన ఉప్పు, మిరియాల చిన్న పొట్లాలు ఇప్పటికీ నా కంపాస్ బాక్సులో ఉన్నాయి. అబద్ధం ఎందుకు?

నాన్న మాత్రం ఒక్క ప్రశ్న అడిగారు. "బావా, ఆ కుర్చీలో పడుకోవచ్చేటి?"

"పూర్తిగా కాదు బావా. పెద్ద విమానాల్లో అయితే మంచంలాగ అవుతాది. ఇది బాగా వెనక్కి వాలుతాది, అంతే."

"మూడు గంటలకి మంచమేటిలే" అని నాన్న నవ్వేశారు.

నాన్న ఎలా వచ్చారని మాత్రం ఎవరూ అడగలేదు. రాత్రి కాళ్ళకి వేడినీళ్ళు పెడుతూ నేను అడిగాను. పాదాలు వాచి చెప్పుల గుర్తు లోపలికి దిగిపోయింది. జనరల్ బోగీలో సూరత్ నుంచి నాగపూర్ దాకా నిలబడి, తరవాత బాత్రూము పక్కన సంచీ మీద కూర్చుని వచ్చారట. ముప్పై గంటలు దాటింది. అట్లాసు తీసి చూశాను. బెంగుళూరు నుంచి ఢిల్లీకి గాలిలో దూరం, సూరత్ నుంచి బరంపురానికి పట్టాల మీద దూరం, రెండూ పదిహేడు వందల కిలోమీటర్లకి అటూ ఇటూ. దూరం ఒకటే. మూడు గంటలు కూచున్నాయన కథకి ఊరంతా చేరింది, ముప్పై గంటలు నిలబడ్డాయనకి కథే లేదు.

ఈ సంగతి మా క్లాసులో చర్చకి వచ్చింది. "డబ్బు పెట్టినోడికి సుఖం, అందులో తప్పేటి?" అన్నారు ఎక్కువమంది. ఒక సారు ఇంకో మాట అన్నారు. ముందు కుర్చీల వాళ్ళు అంత ఇవ్వబట్టే వెనక టికెట్ చవగ్గా దొరుకుతోందట, పైగా వాళ్ళు పన్నూ ఎక్కువ కడతారట. పన్ను మాట నిజమే. ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం. బిజినెస్ మీద 12 ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 18 చేశారు. కట్టనివ్వండి. ఆ వాలే కుర్చీని పీకెయ్యమని నేను అనడం లేదు. ముసలివాళ్ళకి, ఆపరేషన్ అయినవాళ్ళకి అది అవసరం కూడా. నాకు కోపం వచ్చింది మావయ్య అన్న ఆ "పాపం" మీద.

ఎందుకంటే ఆ "పాపం" అన్న ఎకానమీ కుర్చీ చూడండి. దానికి నంబరుంది, బెల్టుంది. ఆ రోజుకి అది ఒక మనిషి పేరు మీద ఉంది. కుర్చీలు నిండాక ఎంత డబ్బిచ్చినా ఇంకొకరిని నిలబెట్టి విమానం లేవదు. మోకాళ్ళు ముడుచుకున్నా ఆ మనిషి లెక్కలో ఉన్నాడు. మా నాన్న ఎక్కిన బోగీకి లెక్కే లేదు. జనరల్ టికెట్ అమ్మేటప్పుడు బోగీలో ఎన్ని సీట్లున్నాయని చూడరు. అడిగిన అందరికీ ఇస్తారు.

రైళ్ళకి అలాంటి నియమం లేదేమో అనుకున్నాను. ఉంది! 1989 రైల్వే చట్టంలో 57వ సెక్షన్. ఒక్కో పెట్టెలో గరిష్ఠంగా ఎంతమంది ఎక్కవచ్చో నిర్ణయించాలి, ఆ సంఖ్యని అందరికీ కనబడేలా రాయాలి అని చెబుతుంది. 2025 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ స్టేషన్‌లో తొక్కిసలాట జరిగి 18 మంది చనిపోయాక, మరి ఈ సెక్షన్ సంగతేమిటని ఢిల్లీ హైకోర్టు కూడా అడిగింది. ఇంకో 57 కూడా ఉంది. ప్రయాణం ఖర్చులో సగటున 57 శాతమే మీ దగ్గర వసూలు చేస్తున్నాం అని కొన్నేళ్ళుగా రైలు టికెట్ల మీద అచ్చేస్తున్నారు. దానం చేస్తున్నామని గుర్తు చేయడం మర్చిపోరు, ఎంతమందిని ఎక్కించాలో మాత్రం మర్చిపోతారు. విమానాలకీ సర్కారు సొమ్ము వెళుతోంది కదా. ఉడాన్ పథకంలో చిన్న ఊళ్ళ విమానాలకి గంట ప్రయాణం 2,500 రూపాయలని మొదట్లో పరిమితి పెట్టి, తక్కువ పడింది కంపెనీలకి ఇచ్చారు. అదీ మంచిదే. మన రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ పెద్దదైతే నేనూ సంతోషిస్తాను.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. గాంధీగారు 1917లోనే మూడో తరగతి ప్రయాణం మీద రాశారు. బొంబాయి నుంచి మద్రాసుకి మొదటి తరగతి టికెట్ మూడో తరగతికి ఐదు రెట్ల కన్నా కాస్త ఎక్కువ. మరి మూడో తరగతివాడికి అందులో ఐదో వంతు, పోనీ పదో వంతు సుఖమైనా ఉందా అని లెక్క అడిగారు. మన బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తరవాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపారు. మన స్టేషన్ మీదుగా పోయే లైను అప్పట్లో ఆ కంపెనీదే. ఆయన జయంతికి మనం దండ వేస్తాం, మిఠాయి పంచుతాం. రైలు సంగతి ఎత్తం.

1977లో రైల్వే మంత్రి మధు దండవతే డిసెంబరు 26న హౌరా నుంచి బొంబాయికి గీతాంజలి ఎక్స్‌ప్రెస్ వేయించారు. అందులో అన్నీ రెండో తరగతి బోగీలే. రెండో తరగతి చెక్క బల్లల మీద మెత్తని పరుపు వేయించిందీ ఆయనే. పై తరగతిని కిందికి లాగకుండా కింది తరగతిని పైకి తెచ్చారన్న మాట. తరవాత అదే రైలుకి ఏసీ బోగీలు తగిలించారు, అది వేరే కథ.

"ఇప్పుడు కొత్త రైలు వేశారు కదా" అనవచ్చు. అవును, 2025 సెప్టెంబరు 27న బరంపురం నుంచి సూరత్ పక్కనున్న ఉధ్నాకి అమృత్ భారత్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. ఏసీ లేదు, స్లీపరూ జనరలూ మాత్రమే. గంజాం జనానికి కావలసింది అదే. కానీ గంజాం నుంచి సూరత్ మగ్గాలకి వెళ్ళినవాళ్ళు ఎంతమంది! పగలు ఎక్కి అదే రోజు దిగే టాటానగర్‌కి మన ఊరి నుంచి 2024లోనే వందే భారత్ వచ్చింది, అందులో ప్రతి కుర్చీకీ నంబరుంది. రాత్రంతా వెళ్ళేవాడికి మాత్రం నేల.

మా తాత ఇంట్లో మగ్గం మీద బరంపురం పట్టు నేసేవారు. ఆ మగ్గం మీద ఇల్లు గడవక నాన్న సూరత్ వెళ్ళి పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తున్నారు. అక్కడ మెస్ గదిలో పగటి డ్యూటీవాడు లేచి వెళితే, ఆ చోటులోనే రాత్రి డ్యూటీవాడు పడుకుంటాడు. అంటే ఆయనకి సొంతమని ఒక పడక అక్కడా లేదు, దారిలోనూ లేదు. అందుకే ఆ రోజు "పడుకోవచ్చేటి?" అని అడిగారని నాకు తరవాత అర్థమైంది.

రాత్రి దాటే ప్రయాణానికి పడక లేని టికెట్ అమ్మకూడదు అని నా వాదన. ఇది ఫోన్లో చెబితే ముందు నాన్నే ఎదురు తిరిగారు. "అలాగైతే సీటు లేదని నన్ను ఆపేస్తారు కదమ్మా. యాత్రకి ఎలా రావాలి? నిలబడైనా రానీ." చాలాసేపు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఇంత చెప్పగలను: మనుషుల్ని ఆపమని కాదు, ముందు లెక్కపెట్టమని. నిలబడినవాళ్ళ లెక్కే లేకపోతే ఎన్ని బోగీలు తక్కువయ్యాయో ఎవరికి తెలుస్తుంది? సీటు దొరకని ప్రతి మనిషినీ రాసుకుంటే, రేపు ఎన్ని పెట్టెలు తగిలించాలో ఆ కాగితమే చెబుతుంది. విమానం కంపెనీలు ఏ రూట్లో ఎన్ని కుర్చీలు కావాలో అలాగే కదా తెలుసుకుంటాయి.

యాత్ర అయ్యాక నాన్నని ఎక్కించడానికి స్టేషన్‌కి వెళ్ళాను. మావయ్య ముందు రోజే వెళ్ళిపోయారు. బోగీ లోపల గోడ మీద 90 అని రాసుంది. కిటికీల దగ్గర నడుస్తూ తలకాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూట ముప్పై దగ్గర బండి కదిలింది. అందులో నాన్న తల ఉందో లేదో నాకు కనబడలేదు.