ముక్కూ మొహం తెలియని చుట్టం

వైరస్ అనగానే మన కాలేజీలో అందరికీ కోవిడ్ గుర్తుకొస్తుంది. సైటోమెగలో వైరస్ అని చూడండి, బయాలజీ మిత్రులు తప్ప మిగతావాళ్ళు "అదేం మందు గురూ?" అంటారు. తమాషా ఏమిటంటే, ఆ మహానుభావుడు మనలో చాలామంది ఒంట్లో ఇప్పటికే కాపురం పెట్టేశాడు. ఒకసారి వచ్చాడంటే జన్మలో పోని చుట్టం. 1960లో థామస్ వెల్లర్ దానికా పేరు పెట్టాడు. అది పట్టిన కణం ఉబ్బిపోయి, మైక్రోస్కోపు కింద గుడ్లగూబ కన్నులా కనిపిస్తుంది.

లోపలికి ఎలా వస్తుంది? చాలాకాలం అందరి చూపూ నోటిమీదే ఉండేది. గత దశాబ్దంలో ఆస్ట్రేలియాలో ఎలుకల మీద చేసిన పరిశోధనలు ముక్కును చూపించాయి. ఎలుకల్లోని ఈ జాతి వైరస్‌కు పట్టు దొరకాలంటే హెపరాన్ అనే చక్కెర గొలుసు కావాలి. మామూలు పొరల్లో అది కణాల అడుగున దాగి ఉంటుంది. వాసన పసిగట్టే నాడీకణాల నూగుమీద మాత్రం పైకే ఉంటుంది. అక్కడ చొరబడిన వైరస్ రక్షక కణాలనే వాహనం చేసుకుని లింఫు గ్రంథులకూ, రక్తంలోకీ, చివరికి లాలాజల గ్రంథులకూ చేరుతుంది. కాపలావాడి సైకిలెక్కి దొంగ ఊళ్ళోకి వచ్చినట్టన్నమాట! మనుషుల్లోనూ ముక్కే ద్వారమని ఇంకా రుజువు కాలేదు. కాని వాసన గ్రాహకాల కుటుంబానికి చెందిన ఒక ప్రొటీన్ ద్వారా ఇది మానవ కణాల్లో ప్రవేశించగలదని 2019లో తేలింది.

ఇదంతా ల్యాబు గొడవ, మనకెందుకు అనుకునేవాణ్ణి. మా అక్కయ్య సంగతి చూశాక అలా అనుకోలేకపోయాను. రెండోసారి నీళ్ళోసుకున్నప్పుడు పెద్దవాడికి రెండేళ్ళు. వాడు వదిలేసిన పెరుగన్నం పారెయ్యడమెందుకని తినేది, వాడి ముక్కు కొంగుతోనే తుడిచేది. ఏ తల్లి చెయ్యదు? రెండో పాప చప్పట్లు కొట్టినా తిరిగేది కాదు. వినబడదని ఏడాదిన్నరకు తెలిసింది. "ఈ వైరస్ వల్ల కావచ్చు. పుట్టిన మూడు వారాల్లోగా పరీక్ష చేసి ఉంటే తెలిసేది, ఇప్పుడు చెప్పలేం" అన్నారు డాక్టరుగారు. ఆ "చెప్పలేం" అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

పసివాళ్ళ చొంగలోనూ మూత్రంలోనూ ఈ వైరస్ నెలల తరబడి వస్తుంటుంది. వాళ్ళకేమీ కాదు. తల్లికీ తెలియదు. దెబ్బ గర్భంలోని బిడ్డకు! అమెరికాలో సుమారు 200 మంది శిశువుల్లో ఒకరు దీనితో పుడుతున్నారు. వాళ్ళలో అయిదింట ఒక వంతుకు చెవుడు వంటి దీర్ఘకాలిక ఇబ్బందులు. మన తల్లులకిది ముందే వచ్చిపోయిందిలే అని ధీమాగా ఉండటానికీ లేదు. పాత వైరస్ మళ్ళీ మేల్కోవచ్చు, కొత్త రకం అంటుకోవచ్చు. అక్కడి మిన్నెసోటా రాష్ట్రం 2023 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్ష చేస్తోంది.

నా అభిప్రాయం ఒకటే. "ఎంగిలి" అనే చక్కటి మాట మన భాషలో ఉంది. దాన్ని మనిషికీ మనిషికీ మధ్య గోడ కట్టడానికి వాడుకున్నాం గాని, కడుపుతో ఉన్న తల్లిని కాపాడటానికి వాడుకోలేదు. పిల్లల ఎంగిలి తినవద్దనీ, ముక్కు తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కోమనీ, ముద్దు నుదుటిమీద పెట్టుకోమనీ చెప్పడానికి ఖర్చేముంది? ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు వెళ్ళినప్పుడు చెట్లు నాటుదాం, సరే. అంగన్‌వాడీ గుమ్మంలో కూర్చుని ఈ నాలుగు ముక్కలూ చెబుదాం. పసికందులకు వినికిడి పరీక్ష, అనుమానముంటే ఈ వైరస్ పరీక్ష, మూడు వారాల్లోగా జరగాలని అడుగుదాం.

మా మేనకోడలు ఇప్పుడు నా పెదవులు చూసి "మామా" అంటుంది. నా గొంతు మాత్రం దానికి తెలియదు.