టీవీకి అర్థంకాని వీడియో, ఇంట్లో వృద్ధుల ఆరోగ్యం

మా అల్వాల్‌లో విశ్రాంత ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువ. పిల్లలు ఉద్యోగాల నిమిత్తం దూరప్రాంతాలలో ఉంటారు. ఇంట్లో మిగిలేది ఇద్దరు వృద్ధులు, గోడకు ఒక పెద్ద టీవీ, పిల్లలు వదిలివెళ్ళిన పాత కంప్యూటరు. ఆ కంప్యూటరులోని వీడియో ఈ టీవీలో కనబడకపోవడం కూడా ఆరోగ్య సమస్యే అంటే మీకు నవ్వు రావచ్చు. కొంతకాలం క్రితం వరకు నేనూ నవ్వేవాడినే.

నా శ్రీమతికి మోకీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. ఇటువంటి చికిత్సలో శస్త్రవైద్యుని పని సగమే; మిగిలిన సగం ఇంట్లో చేసే వ్యాయామానిది. తొలి వారాలలో వ్యాయామం సడలితే కీలు బిగుసుకొనిపోయి, కాలు తగినంత వంగదు. పాదాలను పైకీ కిందికీ ఆడించకపోతే పిక్కలలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. అందుకే ఫిజియోథెరపిస్టు ఆమె చేత అన్నీ చేయించి, ఎనిమిది నిమిషాల వీడియో తన ఫోనుతో తీసి ఇచ్చారు. కంప్యూటరులోకి ఎక్కించి టీవీకి పంపితే మాట వినిపించింది కాని బొమ్మ రాలేదు.

“ఫోనులోనే చూడవచ్చు కదా” అని మీరు అడగవచ్చు. మేమూ అదే చేశాము. పడక మీద వెల్లకిలా పడుకొని మడమను జరిపే మనిషి ఫోనును ఏ చేత పట్టుకోవాలి? కళ్ళజోడు ఎలా సవరించుకోవాలి? కూర్చుంటే మెడ వంచాలి. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. మెడ వంగినకొద్దీ కండరాల మీద భారం పెరుగుతుంది. మోకాలి కోసం మెడను పాడుచేసుకోవడం తెలివి కాదు. నాలుగు రోజులలో ఆమె వ్యాయామం సగానికి తగ్గింది.

అప్పుడు నేను కంప్యూటరు నుండి టీవీకి హాలు మధ్యగా పొడవైన హెచ్‌డీఎంఐ తీగ పరిచాను. బొమ్మ చక్కగా వచ్చింది. మరునాడు ఆమె వాకర్ కాలు ఆ తీగకే తగులుకొంది. పనిమ్మాయి పక్కనే ఉండి పట్టుకొన్నది గనుక సరిపోయింది. “ఇంట్లో కాళ్ళకు అడ్డుపడేవన్నీ తీసివేయండి” అని ఉద్యోగకాలమంతా రోగులకు చెప్పినవాడిని నేను. ఆ తీగను పరిచినదీ నేనే. వృద్ధాప్యంలో తుంటి ఎముక విరిగితే దాని పర్యవసానం ఎలా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

అసలు లోపం ఎక్కడుంది? రక్తమార్పిడి ఉదాహరణతో చెబుతాను. రక్తం సంచులన్నీ చూపులకు ఒకే తీరుగా ఉంటాయి. లోపలి గ్రూపు కుదరకపోతే శరీరం అంగీకరించదు. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి సంచి పేర్లు మాత్రమే. లోపల బొమ్మను కుదించిన పద్ధతి ఒకటి, శబ్దాన్ని కుదించిన పద్ధతి మరొకటి ఉంటాయి. వీటినే కోడెక్‌లు అంటారు. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతిని నేడు వాడుకలో ఉన్న టీవీలు దాదాపు అన్నీ చదవగలవు. 2013లో వచ్చిన హెచ్ఈవీసీ, అదే నాణ్యతను సుమారు సగం పరిమాణంలో ఇముడుస్తుంది. కొత్త ఫోన్లు చాలావరకు దీనిని వాడుతున్నాయి. పాత టీవీకి దీనిని విప్పే సాధనం ఉండదు. మా ఇంట్లో జరిగింది ఇదే.

వైద్యునివలె లక్షణాలనుబట్టి కారణం ఊహించవచ్చు. మాట వినిపించి బొమ్మ రాకపోతే బొమ్మ కోడెక్‌ను అనుమానించాలి. బొమ్మ వచ్చి శబ్దం లేకపోతే శబ్దం డీటీఎస్ వంటి పద్ధతిలో ఉండవచ్చు. ఆగి ఆగి నడిస్తే వైఫై బలహీనత కావచ్చు. బొమ్మ కింది తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనబడితే టీవీలో తెలుగు లిపి లేదని అర్థం.

చికిత్స రెండు విధాలు. మొదటిది, వీడియోను ముందుగానే మార్చి ఉంచుకోవడం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో హెచ్.264 బొమ్మ, ఏఏసీ శబ్దం గల ఎంపీ4గా మార్చి, పెన్ డ్రైవ్‌లో ఎక్కించి టీవీకి పెడితే చాలు. రెండవది, కంప్యూటరే అప్పటికప్పుడు మారుస్తూ వైఫై ద్వారా పంపడం. యూనివర్సల్ మీడియా సర్వర్, జెల్లీఫిన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పని చేస్తాయి. అయితే పాత కంప్యూటరుకు ఇది బరువైన పని, వేడెక్కి తడబడుతుంది. మా వద్ద మొదటి పద్ధతే ఫలించింది. నేల మీద తీగ లేదు. శ్రీమతి ఉదయం, సాయంత్రం టీవీ చూస్తూ వ్యాయామం చేస్తున్నది.

ఒక హెచ్చరిక. రోగి శరీరం కనబడే వీడియోలను ఆన్‌లైన్‌లో మార్చిపెడతామనే అపరిచిత వెబ్‌సైట్లకు ఎక్కించకండి. మార్పు మీ కంప్యూటరులోనే జరగాలి. ఇక యాంజియోగ్రామ్ సీడీలు సాధారణంగా డైకామ్ అనే వైద్యప్రమాణంలో ఉంటాయి. అవి టీవీలో రాలేదని చింతించవద్దు, మార్చనూ వద్దు. వాటిని చూడవలసినవారు వైద్యులు.

ఇప్పుడు నా అభిప్రాయం. ఈ తంటా రోగి పడవలసినది కాదు. 1975–76లో సైట్ అనే ఉపగ్రహ ప్రయోగం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి, ఆరోగ్యపాఠాలూ ఉన్నాయి. వాటిని చూడటానికి గ్రామస్థుడు ఏ సాంకేతిక విషయమూ తెలుసుకోనక్కరలేకపోయింది. ఆ భారమంతా పంపేవారే మోశారు. మాత్ర మింగలేని రోగికి మనం ద్రవరూపంలో మందు ఇస్తాము. మింగడం నేర్చుకొని రమ్మని పంపము. వీడియోకూ అదే ధర్మం వర్తించాలి. వ్యాయామ వీడియో ఇచ్చే ప్రతి ఆసుపత్రి, ప్రతి ఫిజియోథెరపిస్టు దానిని సాధారణ టీవీ చదవగల రూపంలో ఇవ్వాలి. ఐఫోన్ కెమెరా సెట్టింగులలో ఫార్మాట్స్ అన్నచోట ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకొంటే సమస్య చాలావరకు మొదట్లోనే తీరుతుంది.

టీవీ కట్టివేసి లేచి నడవండి అని చెప్పే నేనే టీవీ కోసం ఇంతగా వాదించడం వింతగా తోచవచ్చు. కూర్చోబెట్టే టీవీ వేరు, కాలు కదిలించే టీవీ వేరు. దూరాన ఉన్న పిల్లలకు నా విన్నపం: ఈసారి ఇంటికి వచ్చినప్పుడు అమ్మానాన్నల టీవీ ముందు ఒక గంట కూర్చోండి. వారికి కావలసిన వీడియో వారి రిమోటుతో, వారి చేతులతోనే నడిచేటట్లు చేసి వెళ్ళండి. నేల మీద తీగ ఉంటే, ముందు దానిని తీసివేయండి.