రెండవ ప్రయాణము

ఒక నగరమునకు మొదటిసారి పోవునపుడు మనము చూచునది మన యిష్టమును బట్టి యుండదు. చూడుమని యితరులు చెప్పినదానినే చూచి వత్తుము. తిరిగి వచ్చిన పిమ్మట "అది చూచితివా? ఇది చూచితివా?" అని యడుగువారికి సమాధానము చెప్పుకొనవలయును గదా! ఆ సమాధానములు సమకూర్చుకొనుటతోనే మొదటి ప్రయాణము ముగియును. నగరమును నిజముగా చూచుట రెండవ ప్రయాణమున గాని మొదలు కాదని నా యభిప్రాయము.

ఐరోపా నగరములకు మరల మరల పోవువారు ఈ సంగతి చక్కగా నెరుగుదురు. మొదటిసారి లండను చేరినవాడు పాత కోటను, థేమ్సు నదిపై వంతెనను, రాజభవనమును చూచి వచ్చును. రెండవసారి పోయినవాడు రేవు కూలీలు కాపురమున్న తూర్పు పేటలలో కాలినడకను తిరుగును; సంతలలో నిలుచును; ఇండ్ల గోడలపై పలకలను చదువును. పేరు పొందినవారు నివసించిన యిండ్లకు గుండ్రని పలకలు తాపించు ఆలోచన అచ్చట 1866లో రూపుదాల్చినది. మన రాజా రామమోహనరాయలు బస చేసిన యింటికిని అట్టి పలక కలదు. గొప్ప భవనములు ఏ దేశమునకైన నుండును. వీధిని చదువుకొను అలవాటు మాత్రము నేర్చుకొనవలసినదే.

విద్యార్థులారా! ఇంత చెప్పి మిమ్ము లండనునకు పొమ్మనుట లేదు. విశాఖపట్టణమునకు రెండవసారి పొమ్మనుచున్నాను.

మన పాఠశాలల విహారయాత్ర యెట్లు జరుగునో మీకు తెలియును. తెల్లవారక మునుపే బస్సు బయలుదేరును. సింహాచలము, కైలాసగిరి, జంతుప్రదర్శనశాల, సముద్రతీరము, 2002లో ఒడ్డునకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చిన కురుసురా జలాంతర్గామి - ఇన్నియు ఒక్క పగటిలో ముగియవలెను. ఇవి చూడదగినవి కావని నేననను. సముద్రమెరుగని మెట్టపల్లె పిల్లవాడు మొదటిసారి అలల యెదుట నిలిచి మాట మరచుటను నేనెన్నిమారులో కన్నులార చూచితిని. ఆ యానందమును కాదనుటకు నేనెవడను? కాని ఆ బస్సు పాతనగరము వైపు ఎన్నడును తిరుగదు. విశాఖ ఎట్లు విశాఖయైనదో చెప్పగల వీధులన్నియు ఆ తిరుగని మలుపునకు ఆవలనే యున్నవి.

రైలుస్టేషను దాటి రేవు వైపు నడచిన కనబడు ఆ భాగమును జనులు వన్‌టౌన్ అందురు. కోటవీధి యని యచ్చట నొక వీధి కలదు. వీధియే కాని కోట లేదు. 17వ శతాబ్ది చివరి భాగమున ఈస్టిండియా కంపెనీవారు ఇచ్చట వర్తకపు కొటారు పెట్టి, దాని చుట్టును కోట కట్టుకొనిరి. కోట పోయినది, పేరు నిలిచినది. కొంచెము దూరమున సోల్జరుపేట. సిపాయి యను మన మాటను వదలి, తెల్లవాని మాటకు మన 'పేట'ను తగిలించి జనులు చేసికొన్న సమాసమిది. వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవాడను గనుక ఇట్టి పేరు వినబడినచో నాకు పండుగవలె నుండును. మరల కొంత నడచిన 'రాణిబొమ్మ'. అది 1904లో నెలకొల్పిన విక్టోరియా రాణి విగ్రహము. రాణి పోయినది, ఆమె వంశము వారి యేలుబడియు పోయినది. ఆటో నడుపువాడు మాత్రము "రాణిబొమ్మ కాడ దిగుతారా?" అని నేటికిని అడుగును.

ఈ వీధులలోనే ఒకప్పుడు చేయి తిరిగిన పనివాండ్రుండిరి. 18వ శతాబ్దమున వారు ఏనుగు దంతమును చెక్కలో పొదిగి, దానిపై నల్లని గీతలతో లతలను, పువ్వులను తీర్చి, పెట్టెలను, కుర్చీలను, వ్రాతబల్లలను చేసిరి. దొరలు వాటిని ఓడలకెక్కించుకొని పోయిరి. నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో విశాఖ పేరుతోనే వాటిని చూపుచున్నారు. పని చేసినవాని పేరు మాత్రము ఆ పెట్టెలపై లేదు.

ఆ పేటలోనే పాత ఐరోపావారి శ్మశానవాటిక యొకటి కలదు. అచ్చటికి పోయి నిలువుడని నేను మరీ మరీ చెప్పుదును. 1780 అక్టోబరు 3వ తేదీన ఈ పట్టణమున జరిగిన సంగతి మన పాఠ్యపుస్తకములలో తరచుగా కనబడదు. అప్పుడు దక్షిణమున హైదరాలీ కంపెనీవారిని గడగడలాడించుచుండెను. విశాఖలోనున్న సిపాయిలను ఓడనెక్కించి మద్రాసునకు తరలింపవలెనని యాజ్ఞ వచ్చెను. సిపాయిలు ఓడనెక్కమనిరి. ఎక్కి తీరవలెనని దొరలు పట్టుపట్టగా తుపాకులు పేలెను. ఆంగ్లేయులు కొందరు కూలిరి. కొంతకాలమునకు తిరుగుబాటు అణగిపోయెను. ఉత్తరదేశమున 1857లో చెలరేగిన మహాసంగ్రామమునకు ఇది 77 సంవత్సరములు ముందు జరిగినదని గుర్తుంచుకొనుడు. నాడు మరణించిన తెల్లదొర పేరు రాతిమీద చదువవచ్చును. ఓడనెక్కనని నిలిచిన సిపాయి పేరేమి? ఏ యూరివాడు? అతని తల్లికి ఆ వార్త ఎట్లు చేరెను? ఇట్టి ప్రశ్న ఆ రాళ్ళ నడుమ నిలిచినప్పుడు పుట్టినంత సహజముగా తరగతిగదిలో పుట్టదు.

రేవు వాకిట మూడు గుట్టలు కలవు. ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి, ఒకదానిపై మేరీమాత దేవళము, ఒకదానిపై ఇస్‌హాక్ మదీనా దర్గా. రాసుకొండ యను పేరు, 1864లో అచ్చట ఇల్లు కట్టుకొన్న రాసు అను దొరను బట్టి వచ్చినదని చెప్పుదురు. ఈ మూడు గుట్టలను మతసామరస్యమునకు నిదర్శనముగా సభలలో పేర్కొనుట పరిపాటి. నాకు ఉపన్యాసము వినుట కంటె మెట్లెక్కుట మేలనిపించును. పైకెక్కి చూచినవారికి ఓడల కాలువ, డాల్ఫిన్సునోసు కొండ, రేవు క్రేనులు ఒక్క చూపునకు చిక్కును. 1933 అక్టోబరులో జలదుర్గ యను ఓడ ఆ దారినే లోనికి వచ్చి ఈ రేవును ఆరంభించినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు బాంబులు వేసినదియు ఈ రేవు మీదనే. నాడు జనులు బిడ్డలను చంకనెత్తుకొని పల్లెలకు పరుగులు తీసిరి. 

పాతనగరమున 1847 నాటి సెయింట్ అలోషియస్ పాఠశాల యొకటి యున్నది. చంద్రశేఖర వేంకటరామన్ ఆ బడిలో చదివెను. ఆయన తండ్రి ఈ పట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. పదునొకండవ యేట రామన్ మెట్రిక్యులేషను ముగించెను. 1921లో ఓడమీద పోవుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచి 'ఈ రంగెక్కడిది?' అని యన్వేషించిన ఆ శాస్త్రజ్ఞుడు, మీ వయస్సున నుండగా ఈ సముద్రపుటొడ్డున తిరిగినవాడే. బాల్యపు సముద్రమే ఆ ప్రశ్నను పుట్టించినదని నేననజాలను. శాస్త్రజ్ఞుల మనస్సు మనకేమి తెలియును? అయినను ఆ బడి ముందు నిలిచి ఆ సంగతి తలచుకొన్న పిల్లవానికి సముద్రము మునుపటివలె నుండదు. మహాకవి శ్రీశ్రీ 1910లో ఈ పట్టణముననే పుట్టెను. రాచకొండ విశ్వనాథశాస్త్రి ఇచ్చటనే న్యాయవాదిగా నుండి పేదల కథలు వ్రాసెను. ఇట్టి బడులకు, ఇండ్లకు, వీధులకు చదువవీలైన పలకలు తెలుగులో తాపించుట నగరపాలక సంస్థవారికి ఏపాటి ఖర్చు?

పడమటి దిక్కున కంచరపాలెము. పేరులోనే కంచరివారున్నారు. 2018లో వచ్చిన చలనచిత్రము వలన ఆ పేరు దేశమంతట వినబడినది. నగరములో బర్మాక్యాంపు అను వాడ యొకటి కలదు. ఉత్తరాంధ్రపు కూలిజనము ఓడలెక్కి రంగూను పోయి, బియ్యపు మరలలోను రేవులోను చెమటోడ్చి, 1942 యుద్ధమున కొందరు, 1962 తరువాత అచ్చటి ప్రభుత్వము మారినపుడు మరికొందరు కట్టుబట్టలతో తిరిగి వచ్చిన చరిత్ర ఆ రెండక్షరముల 'బర్మా'లో దాగియున్నది.

ఇక ఉక్కు కర్మాగారము. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అను నినాదముతో 1966లో రాష్ట్రమంతయు కదలినది, ప్రాణములు పోయినవి. 1971 జనవరిలో ఇందిరాగాంధి శంకుస్థాపన చేసెను. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికంకితము చేసెను. విహారయాత్రకు పోయిన పిల్లలకు ఉక్కునగరపు వెడల్పు వీధులను, చెట్ల నీడలను చూపుదురు. చూపవలసినదే. కాని ఆ కర్మాగారము వెలసిన నేలపై అంతకు ముందు అరువదికి పైగా పల్లెలుండెను. ఆ పల్లెల జనము అగనంపూడి, వడ్లపూడి వంటి నిర్వాసితుల కాలనీలకు చేరినది. తాత పొలమిచ్చెను, తండ్రి ఉద్యోగము కొరకు ఎదురుచూచెను, మనుమడు ఆ కొలిమి వెలుగును దూరమునుండి చూచుచు పెరిగెను - ఇట్టి కుటుంబములు అచ్చట తక్కువ కాదు. ఉక్కు ఎట్లు పుట్టునో విజ్ఞానశాస్త్రపు పుస్తకము చెప్పును. దానికై ఎవరు ఏమి వదలుకొనిరో ఆ కాలనీలోని అరుగు చెప్పును. రెండును తెలిసినవాడే ఉక్కును గూర్చి తెలిసినవాడు.

ఈ మాటలు చెప్పినప్పుడెల్ల నాకు రెండు ఆక్షేపణలెదురగుచుండును. "ఆ యిరుకు సందులలో చూడదగినదేమున్నదండీ? పరీక్షలో వచ్చునా?" అనునది మొదటిది. దీనికి సమాధానము చెప్పుట వృథా. రెండవది విలువైనది. "అవి మనుష్యులు కాపురముండు చోట్లు. పేదల బ్రతుకును వినోదముగా చూడబోవుట తప్పు కాదా?" అని యందురు. అది నిజమే. నలువదిమంది పిల్లలు కేకలు వేయుచు, ఫోనులతో ఫోటోలు తీయుచు, ఒకరి గుమ్మము ముందు మూగుట మర్యాద కాదు. అట్టి యాత్రకంటె సముద్రతీరమే మేలు. కాని అతిథివలె పోవుట యొక విధము, తిరునాళ్ళకు పోయినట్లు పోవుట మరియొక విధము. తెల్లవారుజామున చేపల రేవునకు పోయి చూడుడు. మరపడవలు వచ్చి చేరును, వేలము మొదలగును. చందువ, పారలు, నెత్తళ్ళు - బుట్టలలో వేరువేరుగా పోసి, ఆడువారు ధర పలుకుచుందురు. వారి లెక్కలు మీ గణితోపాధ్యాయుని లెక్కలకంటె వేగముగా నుండును. 2023 నవంబరులో ఒక రాత్రి ఆ రేవున నిప్పంటుకొని పదులకొలది పడవలు కాలిపోయినవి. ఒక పడవ యెన్ని యిండ్లకు అన్నము పెట్టునో అడిగి తెలిసికొన్నవానికి ఆ వార్త వేరు విధముగా తోచును. అడ్డు తగులక నిలిచి, అడిగి, వినువానిని ఎవరును కసరరు.

తొందరపడుమనుటకు వేరొక కారణమును కలదు. పాతనగరపు పెంకుటిండ్లు, మండువా లోగిళ్ళు, మిద్దెలు ఒక్కొక్కటిగా కూలుచున్నవి. నిరుడు చూచిన చెక్కడపు తలుపు నేడుండదు. ఇందుకు ఇంటివారిని నిందించుట న్యాయము కాదు. వానకు కారు కప్పును నిలబెట్టుటకు పెంకు దొరకదు, పెంకు దొరికిన పనివాడు దొరకడు. అన్నదమ్ముల పంపకమున ఒక లోగిలి నాలుగు ముక్కలైన పిదప అమ్ముటకంటె వారికి దారి యేమున్నది? పాత యిల్లు నగరమునకు శోభ యని చెప్పువారము, దాని మరమ్మతు భారమును ఒక్క ఇంటియజమాని తలపై మోపుట యేమి ధర్మము? అట్టి ఇంటికి పన్ను తగ్గింపవలెను, మరమ్మతునకు సాయపడవలెను. అది జరుగువరకు కనీసము చూచిన కన్నులైన నుండవలెను గదా! మీ నోటుపుస్తకములో ఒక తలుపు బొమ్మ, ఒక వీధి పేరు, ఆ పేరెట్లు వచ్చినదో చెప్పిన ముసలివాని మాట - ఇవి యుండిన చాలును.

కావున ఈ రెండవ ప్రయాణమునకు పెద్ద బస్సు వలదు. పదిమందికి మించి పోవలదు. ఒక యుపాధ్యాయుడు తోడుండిన చాలును. చల్లని వేళ బయలుదేరి చేపల రేవును, పిదప కోటవీధిని చూచి, ఎండ ముదురక మునుపే గుట్ట యెక్కుడు. కురుపాం మార్కెట్టు వద్ద ఆకలి వేసిన, అచ్చటి చిన్న అంగడిలోనే తినుడు. ఇంటినుండి కట్టుకొని పోయిన పులిహోర మరల తెచ్చుకొనవచ్చును. ఏ యరుగు మీదనో కూర్చున్న తాత మిమ్ము చూచి "ఏ ఊరు బాబూ మీది?" అని యడుగును. ఊరి పేరు చెప్పి, చెప్పులు విడిచి, ఆ యరుగు మీదనే కూర్చుండుడు. గుట్ట ఎక్కుట ఆలస్యమైనను ఫరవాలేదు.