కోడలు కొలువుకు వెళ్ళిన ఇల్లు

గత దసరా సెలవులలో ఖరగ్‌పూర్ వెళ్ళి వచ్చాను. నేను పుట్టి పెరిగిన ఊరది. మన సంస్థలోనూ ఆ ఊరి తెలుగు కుటుంబాలవారు కొందరున్నారు గనుక ఈ నెల శీర్షికకు అక్కడి విషయమే తీసుకుంటున్నాను. ఇది ఖరగ్‌పూర్‌కు మాత్రమే పరిమితమైన విషయమని ఎవరూ అనుకోనక్కరలేదు.

మా పాత పొరుగువారు మలంచ వైపు ఇల్లు కట్టుకున్నారు. ఇంటి యజమాని రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పదవీ విరమణ చేసి, కొన్నేళ్ళకు కాలం చేశారు. ఆయన భార్యను చిన్ననాటి నుండి పిన్నిగారని పిలవడం మాకు అలవాటు. డెబ్బయ్యెనిమిదేళ్ళ మనిషి. కుటుంబ పింఛను వస్తుంది. కుమారుడు దగ్గరే ఉన్నాడు. కోడలు నర్సు. మూడేళ్ళ క్రితం బెంగుళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళింది. మనుమరాలి ఇంజనీరింగు చదువు ఆ జీతం మీదనే సాగుతున్నది.

నేను వెళ్ళేసరికి పిన్నిగారు కంటిలో మందుచుక్కలు వేయించుకుంటున్నారు.

"కంటికేమయింది పిన్నిగారూ?" అని అడిగాను.

"కంటికేమీ కాలేదు బాబూ. కళ్ళు తిరుగుతున్నాయన్నాను, అంతే" అన్నారామె.

ఆరా తీయగా సంగతి తెలిసింది. పిన్నిగారికి తెలుగు తప్ప బజారు హిందీ నాలుగు ముక్కలు మాత్రమే వచ్చు. కుమారుడు డ్యూటీలో ఉండగా పక్కింటి కుర్రవాడు ఆమెను ఒక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాడు. మంచి కుర్రవాడు, తెలుగింటి బిడ్డే. కాని మూడు తరాల ప్రవాసంలో వాని తెలుగు అరిగిపోయింది. "కళ్ళు తిరుగుతున్నాయి" అన్న మాటను మక్కికి మక్కి హిందీలోకి మార్చి కంటిబాధగా చెప్పాడు. వైద్యుడు కంటిచుక్కలు వ్రాసి ఇచ్చాడు. ఎవరినీ తప్పు పట్టలేము. ఆ సాయంత్రం కోడలు వీడియో ఫోను చేసినపుడు విషయం విని, మాత్రల డబ్బా చూపించమన్నది. రోజుకు ఒకటి వేసుకోవలసిన రక్తపోటు మాత్రను అత్తగారు రెండు పూటలా మింగుతున్నారని అప్పుడు బయటపడింది. వెంటనే ఆ మాత్ర వ్రాసిన వైద్యునితో మాట్లాడమని భర్తకు చెప్పింది. మరొక వారం అలాగే గడిచి ఉంటే పెద్దావిడ స్నానాల గదిలో పడిపోయి తుంటి ఎముక విరగగొట్టుకుని ఉండేవారేమో!

మాత్రలు లెక్కపెట్టడం, వైద్యునికి రోగం చెప్పడం, నడిచి వస్తుంటే తడబాటును కనిపెట్టడం - మూడేళ్ళ క్రితం వరకు ఇవన్నీ కోడలు చేసింది. ఇవి ఒక పని అని ఆ ఇంట ఎవరికీ తోచలేదు.

ఖరగ్‌పూర్ తెలుగువారి చరిత్రే వలసల చరిత్ర. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను తన ముఖ్య కేంద్రాలలో ఒకటిగా తీర్చుకున్న కాలంలో, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి మనవారు వర్క్‌షాపు పనులకూ, లైను పనులకూ పెద్ద సంఖ్యలో తరలి వచ్చారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపినదంటే దాని వెనుక ఆ వలస ఉన్నది. తొలి తరం పురుషులు తమ తల్లిదండ్రులను ఊళ్ళలో విడిచి వచ్చినవారే. మనియార్డరు వెళ్ళేది. ఆ ముసలివారికి గంజి కాచి ఇచ్చినదీ, మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టినదీ ఊళ్ళలో ఉండిపోయిన కోడళ్ళు, కూతుళ్ళు. మనియార్డరు ఫారంలో వారికి గడి లేదు. పురుషుడు వెళ్ళినపుడు డబ్బు బయటి నుండి వచ్చేది, సేవ ఇంటనే ఉండేది. స్త్రీ వెళ్ళినపుడు డబ్బు వస్తున్నది గాని సేవ ఆమెతో బాటు రైలెక్కిపోతున్నది.

ఆ సేవ ఎంతటిదో కొంత అంచనా వేయవచ్చు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లల, వృద్ధుల సంరక్షణ ఇందులో చేరలేదు, దాని లెక్క వేరు.

ఆ వీధిలో కొందరు "అత్తను వదిలేసి పోయింది" అని ఆ కోడలిని ఆడిపోసుకోవడం విన్నాను. అదే వీధి నుండి హైదరాబాదుకూ ముంబయికీ వెళ్ళిన కుమారులను గురించి "పైకి వచ్చాడు" అంటారు. నిజం చెప్పాలంటే, కంటిచుక్కలు చూసిన మొదటి క్షణంలో నాకూ ఆ కోడలి మీదనే కోపం వచ్చింది. కుమారుడు ఎదురుగా కూర్చుని ఉన్నాడన్న సంగతి తరువాత గాని తట్టలేదు.

చట్టం ఈ విషయంలో మనకన్న నయం. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో సంతానమంటే కుమారుడు, కుమార్తె, మనుమడు, మనుమరాలు. కోడలి మాట అందులో లేదు. 2019లో వచ్చిన సవరణ బిల్లు కోడలినీ అల్లుడినీ చేర్చదలచినది గాని అది చట్టం కాలేదు. అంటే చట్టం ఏ బాధ్యతా మోపని మనిషి మీద ఆచారం మొత్తం బరువును మోపింది. వృద్ధులు సబ్ డివిజనల్ స్థాయి ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏ లాయరూ అక్కరలేదు. 14567 నంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. అయితే ట్రిబ్యునలు భరణం ఇప్పించగలదు, రాత్రి పది గంటలకు మాత్ర వేయించలేదు.

గల్ఫు దేశాలకు ఇంటిపనికి వెళ్ళే కోనసీమ, కడప ప్రాంతాల స్త్రీల ఇళ్ళలో పరిస్థితి మరింత కఠినం. వారు ఒప్పందపు గడువు మధ్యలో రావడం సులభం కాదు. పైగా అక్కడ అవ్వ కేవలం సేవ పొందే మనిషి కాదు, మనుమలను పెంచుతున్నది కూడా ఆమెయే. బెంగుళూరు కనీసం రైలు దూరంలో ఉన్నదని మనం ఊరట చెందవచ్చు. కాని 2020 మార్చిలో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయినపుడు ఆ ఊరటా లేకపోయింది. ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఇంటి ముందు రైలు కూత వినిపించని ఆ రోజులను పిన్నిగారు నేటికీ తలచుకుంటారు. అప్పటికి కోడలు ఇంటనే ఉన్నది, అదొక అదృష్టం.

మరునాడు కుమారుణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాను. అతడు చెడ్డవాడు కాడు. తల్లి మాత్రలు ఎన్నో, ఏ రంగువో ఏనాడూ చూడలేదు, అంతే. అతని డ్యూటీ చార్టు పక్కనే మాత్రల చార్టు గోడకు అంటించాము. డ్యూటీ రాత్రివేళ పడిన వారం విజయనగరంలోని కుమార్తె ఫోను చేసి మాత్ర వేయిస్తుంది. పింఛను కోసం ప్రతి నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి ఆమెను బ్యాంకు దాకా నడిపించే పని కూడా ఇక లేదు. ముఖాన్ని ఫోనుకు చూపి ఇంటి నుండే దాఖలు చేయవచ్చునని అతనికి చూపించాను. "ఇంత తేలికా!" అన్నాడు. గత ఏడాది భార్య ఆ పనికే సెలవు పెట్టి బెంగుళూరు నుండి వచ్చినదట.

బయలుదేరే ముందు పిన్నిగారు పాత కాలెండరు కాగితం ఒకటి నా చేతికిచ్చి, వైద్యునితో చెప్పవలసిన మాటలు తెలుగు అక్షరాలలో వ్రాసి పెట్టమన్నారు. "కళ్ళు తిరుగుతున్నాయి" ఎదురుగా "మాథా ఘుర్‌ఛే" అనీ, "గుండెలో నొప్పి" ఎదురుగా "బుకే బేథా" అనీ వ్రాశాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు పైకి చదివారు.

"బెంగాలీవాళ్ళకు తిరిగేది తలకాయా! నేను కళ్ళు అన్నాను" అని నవ్వి, ఆ కాగితాన్ని మడిచి మాత్రల డబ్బాలో పెట్టుకున్నారు.