సనా మక్కీ: సున్నత్ పేరిట నిత్య విరేచనమా?

మరణానికి తప్ప ప్రతి రోగానికీ మందుందన్న మాట వింటే విశ్వాసి మనసుకు ఎంతో ఊరట. అయితే ఆ మాటనే ఒక ఆకు పొట్లం మీద అచ్చువేసి, రోజూ తాగండని అమ్మితే మాత్రం కాస్త ఆగి ఆలోచించవలసి వస్తుంది. సనా మక్కీ విషయంలో నేడు జరుగుతున్నది ఇదే. షుగరుకు, కీళ్ళ నొప్పులకు, ఒళ్ళు తగ్గడానికి, చివరికి రక్తం శుభ్రపడటానికి కూడా ఇదే మందని చెప్పేవారు ఎక్కువయ్యారు.

ముందుగా ఈ మొక్క ఏమిటో తెలుసుకుందాం. కాలువలు, వరిచేలు ఉన్న మన తణుకు ప్రాంతపు మొక్క కాదిది. సూడాన్, ఈజిప్టు, అరేబియా ఎడారి నేలల్లో పెరిగే చిన్న పొద. మక్కా వైపు నుంచి వచ్చేది మేలైనదని పేరుపడి సనా మక్కీ అయింది. మన దేశంలో తమిళనాడులోని తిరునెల్వేలి, తూత్తుకుడి ప్రాంతాల్లోనూ, రాజస్థాన్‌లోనూ దీన్ని సాగు చేస్తారు. యునానీ హకీములు సనా అంటే, తెలుగు వైద్యులు సునాముఖి అన్నారు, నేలతంగేడు అన్నారు. ఆయుర్వేదంలోని పంచసకార చూర్ణంలో పడేది కూడా ఈ ఆకే. మన తంగేడుకు ఇది దగ్గరి చుట్టం.

ఇక హదీసు విషయం. తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) గారి ఉల్లేఖనం ఉంది. విరేచనానికి ఏం వాడుతున్నావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. షుబ్రుమ్ వాడుతున్నానని ఆమె చెప్పారు. అది చాలా వేడి చేసేదని ఆయన అన్నారు. తరువాత ఆమె సనా వాడారు. మృత్యువుకు మందంటూ ఉంటే అది సనాయే అయి ఉండేదని అప్పుడు ఆయన ప్రశంసించారు. ఈ ఉల్లేఖన పరంపరలో బలహీనత ఉందన్న హదీసు విద్వాంసులూ ఉన్నారు. ఆ చర్చను అలా ఉంచి, విషయాన్నే చూద్దాం.

ఇక్కడ మాట నడిచింది విరేచనం గురించి. షుబ్రుమ్ పాలు కారే జెముడు జాతి మొక్క. పేగులను కోసేసినంత తీవ్రంగా పనిచేస్తుంది. దాని ప్రమాదం వల్లనే వైద్యులు దాన్ని వదిలేశారని ఇబ్నె ఖయ్యిమ్ (రహ్) తమ 'జాదుల్ మఆద్'లో రాశారు. అంటే ఈ హదీసు మనకు నేర్పేది మందు ఎంపికలో జాగ్రత్త. తీవ్రమైనదాన్ని వదిలి సౌమ్యమైనదాన్ని పట్టుకోవాలన్న వివేకం. ఆ వివేకాన్ని వదిలేసి ఆకును మాత్రం పట్టుకుంటే హదీసును అనుసరించినట్టు ఎలా అవుతుంది?

సనా గుణం నిజమైనదే. దాని ఆకుల్లో, కాయల్లో సెన్నోసైడ్లు అనే పదార్థాలున్నాయి. ఇవి కడుపులో అరగకుండా పెద్దపేగు దాకా వెళతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని మార్చాక పేగు కదలిక పెరుగుతుంది, నీరు పేగులోనే నిలుస్తుంది. ఇందుకు 6 నుంచి 12 గంటలు పడుతుంది కనుకనే రాత్రి వేసుకుంటే తెల్లవారి పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో కూడా సనాకు చోటుంది. అయితే ఆ చోటు మలబద్ధకానికి మందుగానే, సర్వరోగ నివారిణిగా కాదు.

హకీములు సైతం దీన్ని ఒంటరిగా ఇచ్చేవారు కారు. కడుపులో మెలిపెట్టే దీని గుణాన్ని సరిచేయడానికి గులాబీ రేకులో, బాదం నూనెనో జోడించేవారు. దీన్నే 'ముస్లిహ్' అంటారు. ముందు మున్‌జిజ్ ఇచ్చి దోషాన్ని పక్వం చేసి, ఆ తరువాతే ముస్‌హిల్ ఇవ్వడం వారి పద్ధతి. ఆకు ఒక్కటే తీసుకుని, హకీము నియమాన్ని పారేసి, దానికి యునానీ అని పేరు పెట్టడం ఆ విద్యకే అన్యాయం.

వారం, రెండు వారాలకు మించి సొంతంగా సనా వాడరాదన్నది నేటి వైద్యుల మాట. రోజూ విరేచనమైతే నీటితోపాటు పొటాషియం అనే లవణమూ పోతుంది. కాళ్ళు పిక్కలు పట్టేస్తాయి, నీరసం కమ్ముతుంది, గుండె లయ తప్పుతుంది. బీపీకి, కాళ్ళ వాపుకు నీరు తీసే మాత్రలు వాడేవారికి, గుండెకు డిగాక్సిన్ వేసుకునేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. కారణం తెలియని కడుపునొప్పి, వాంతులు ఉన్నప్పుడు అసలు ముట్టుకోరాదు. అది అపెండిసైటిస్ కావచ్చు, పేగు మెలిపడటం కావచ్చు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు డాక్టరు చెప్పనిదే ఇవ్వకూడదు. మూత్రం ఎరుపు, గోధుమ రంగుల్లోకి మారితే మాత్రం భయపడనక్కరలేదు, అది ఆకు రంగే.

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎన్నడూ లేనిది కొత్తగా మలబద్ధకం పట్టుకోవడం పేగు క్యాన్సరుకు సూచనలు కావచ్చు. రోజూ సనా కషాయంతో కడుపు ఖాళీ చేసుకునే పెద్దాయనకు అసలు జబ్బు బయటపడే లోపు పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది.

2020లో కరోనా వచ్చినప్పుడు సనా కషాయంతో నయమవుతుందని పాకిస్తాన్‌లో ప్రచారం సాగి, దాని ధర అమాంతం పెరిగింది. జ్వరంతో ఒంట్లో నీరు తగ్గిన మనిషికి విరేచనాలు పట్టించడం ఎంత అపాయమో వేరే చెప్పాలా? ఒళ్ళు తగ్గిస్తాయనే 'టీ' పొట్లాలు కొన్నింటిలో ఉండేదీ ఈ ఆకే. దానితో పోయేది నీరే గాని కొవ్వు కాదు.

కొనేటప్పుడూ జాగ్రత్త అవసరం. సనాలో తంగేడు ఆకు కలిపే కల్తీ పాతదే. డెల్టా తేమకు పొట్లం విప్పి ఉంచితే ఆకు బూజు పడుతుంది. లైసెన్సు నంబరు, తయారీ తేదీ లేని పొడులు కొనవద్దు. సలహా కావాలంటే చదువుకున్న హకీములు మనకున్నారు. హైదరాబాదు నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల అందుకోసం ఉన్నవే. వైద్యం రాకుండా వైద్యం చేసేవాడు జరిగిన హానికి బాధ్యుడన్న ప్రవక్త (స) ప్రవచనం అబూ దావూద్‌లో ఉంది. పొట్లాలు అమ్మేవారు, ఫోనుల్లో చిట్కాలు పంపేవారు దాన్ని గుర్తు చేసుకుంటే మంచిది.

రంజాన్‌లో నీళ్ళు తగ్గి, వేపుళ్ళు పెరిగి మలబద్ధకం వస్తే ముందు సహరీ, ఇఫ్తార్‌లలో నీళ్ళు, పండ్లు, తోటకూర, బచ్చలి పెంచి చూద్దాం. తరావీహ్‌కు నడిచి వెళదాం. అప్పటికీ తగ్గకుంటే ఒకటి రెండు రాత్రులు సనా వాడుకోవచ్చు, తప్పులేదు. అల్లాహ్ రోగాన్నీ, దానికి మందునూ సృష్టించాడు. ఆ మందును ఎంతలో, ఎప్పుడు, ఎవరికి వాడాలో తెలుసుకునే బుద్ధినీ ఆయనే ఇచ్చాడు. మందుకు కృతజ్ఞత చెప్పేవారు ఆ బుద్ధిని వాడటం కూడా కృతజ్ఞతలో భాగమేనని గ్రహించాలని మా మనవి.