చల్లదనమొక్కటే చాలదు

"డాక్టరు గారూ, మా గదికి ఎన్ని టన్నుల ఏసీ కొనమంటారు?" దుకాణంలో అడగవలసిన ఈ ప్రశ్నను రొంపిచెర్లలో రోగులను చూసే నన్ను కూడా అడుగుతున్నారు. అందులో తప్పేమీ లేదు. ముసలివారూ, పసిపిల్లలూ, ఉబ్బసం ఉన్నవారూ ఉన్న ఇంట్లో ఏసీ ఆరోగ్యానికి సంబంధించిన వస్తువే. సరైనది ఎంచుకోకపోతే అదే జబ్బును తెచ్చిపెడుతుంది కూడా.

ఒక భాద్రపద మాసంలో జరిగిన సంగతి చెబుతాను. కాలువ నీళ్ళు పొలాలకెక్కి, ఆకు కదలక, ఊరంతా ఉక్కపోస్తున్న రోజులు. డెబ్బయ్యేళ్ళ పెద్దావిడను కొడుకు ఆటోలో తీసుకువచ్చాడు. "రాత్రంతా కూలరు వేసే ఉందండీ. చల్లగాలి బయటికి పోకుండా తలుపులు కూడా బిగించాం. తెల్లవారేసరికి అమ్మ ఒళ్ళంతా తడిసి ముద్దయింది. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంటోంది" అన్నాడు.

తప్పు కూలరుది కాదు, దాన్ని వాడిన కాలానిది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో మన పల్నాడు గాలి పొడిగా ఉంటుంది. ఆ గాలి కూలరు తడికల్లోని నీటిని పీల్చుకుని చల్లబడుతుంది. వానలు పడ్డాక గాలిలో తేమ నిండిపోతుంది. అప్పుడు కూలరు చల్లబరచలేదు సరికదా, ఉన్న తేమకు మరింత తేమ కలుపుతుంది. తలుపులు మూస్తే చెప్పనక్కరలేదు.

మన ఒంటిని చల్లబరిచేది చెమట. అయితే కారిపోయే చెమట వల్ల ప్రయోజనం లేదు. ఆరే చెమటే వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలో కాలరీల వేడి బయటికి పోతుంది. తేమ గాలిలో చెమట ఆరదు. నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉంటుంది. ఆ పెద్దావిడ రక్తపోటుకు మూత్రం ఎక్కువగా వచ్చే బిళ్ళ కూడా వాడుతున్నది. అందుకే ఆమె అంతగా నీరసించింది.

ఆమె తేరుకున్నాక, "ఈ రోజుల్లో కూలరు పంపు ఆపి, కిటికీలు తెరిచి ఉంచండి. వీలైతే ఏసీ పెట్టించండి" అని పంపాను. కొడుకు తల్లి మీద ప్రేమతో పదడుగుల గదికి రెండు టన్నుల ఏసీ పెట్టించాడు. నెల తిరక్కుండా ఆమె దగ్గుతో, పిల్లికూతలతో మళ్ళీ వచ్చింది. "గది వణికించేస్తోందండీ. కానీ దుప్పటి చెమ్మగా ఉంటోంది. గోడ మూల బూజు పట్టింది" అన్నదామె. పొరపాటు నాదే. ఏసీ పెట్టించమన్నాను గాని, ఎలాంటిదో చెప్పలేదు.

1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు మొట్టమొదటి ఆధునిక ఏసీని తయారుచేసింది మనుషుల కోసం కాదు. ఒక అచ్చు కార్యాలయంలో తేమకు కాగితం సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడక పోతూంటే, గాలిలో తేమను అదుపు చేయడానికి. చల్లటి సోడా సీసా బయట నీటి బొట్లు పేరుకున్నట్టే, ఏసీ లోపలి చల్లటి గొట్టాల మీద గాలిలోని తేమ నీరై పేరుకుని పైపు గుండా బయటికి పోతుంది. ఉక్క కాలంలో ఈ పని జరగడమే ముఖ్యం.

టన్ను అంటే యంత్రం బరువు కాదు. ఒక టన్ను మంచు ఇరవైనాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి తీసేసే శక్తి. చిన్న గదిలో పెద్ద ఏసీ పెడితే కొద్ది నిమిషాల్లోనే గది చల్లబడి కంప్రెసరు ఆగిపోతుంది. తేమను పిండే వ్యవధి దానికి ఉండదు. గొట్టాల మీది చెమ్మను ఫ్యాను మళ్ళీ గదిలోకే ఊదుతుంది. అందుకే ఆ గది చల్లగానూ, చెమ్మగానూ ఉంది. చెమ్మలో బూజూ, పరుపుల్లో కంటికి కనిపించని దుమ్ము పురుగులూ పెరుగుతాయి. ఉబ్బసాన్ని రెచ్చగొట్టేవి ఇవే.

కనుక కొనేటప్పుడు ఈ సంగతులు చూడండి. పది పన్నెండు అడుగుల గదికి సాధారణంగా ఒక టన్ను చాలు. నూటయాభై చదరపు అడుగులు దాటితే ఒకటిన్నర. పైన ఎండ తగిలే శ్లాబు, పడమటి గోడ, ఎక్కువమంది మనుషులు ఉంటే కొంత పెంచుకోవాలి. అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుని ఆగకుండా నడిచే ఇన్వర్టరు రకం మేలు. నీటిబొట్టు గుర్తుతో 'డ్రై' అనే ఏర్పాటు ఉన్నదీ లేనిదీ అడగండి. ముసురు రోజుల్లో అది పనికి వస్తుంది.

వాడేటప్పుడు 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచి, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోండి. స్టార్ గుర్తున్న గది ఏసీలు 24 దగ్గర మొదలయ్యేలా ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2020 జనవరి నుంచి నియమం పెట్టింది. జల్లెడను రెండు వారాలకొకసారి కడగండి. మన ఇళ్ళలో పెట్టే ఏసీలు సాధారణంగా బయటి గాలిని తీసుకురావు, గదిలోని గాలినే తిప్పుతాయి. అందుచేత ఉదయం పూట కిటికీలు తెరవాలి. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించవద్దు. ఆ పొగంతా పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి దగ్గుతూంటే, అందరూ ఒకే ఏసీ గదిలో పడుకోక ముందు కళ్ళె పరీక్ష చేయించండి.

ఏసీ కొనలేని వారు దిగులు పడనక్కరలేదు. ఉక్క కాలంలో ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒంటి మీద గాలి తగిలేలా ఫ్యాను పెట్టుకుని, తడిగుడ్డతో తుడుచుకుంటూ ఉంటే చాలావరకు సరిపోతుంది. కూలరు తొట్టిలో నీళ్ళు వారానికొకసారి పారబోసి, తోమి ఆరబెట్టండి. డెంగీ దోమ పెరిగేది అందులోనే.

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతూంటే మాత్రం అది వడదెబ్బ. ఏసీ గదిలో పడుకోబెట్టి ఊరుకోవద్దు. జ్వరం బిళ్ళ పనిచేయదు. వెంటనే ఒంటినిండా నీళ్ళు పోస్తూ, విసురుతూ, 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

ఆ కొడుకు పెద్ద ఏసీని హాల్లోకి మార్చి, తల్లి గదిలో ఒక టన్నుది పెట్టించాడు. ఆమె రక్తపోటు చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా నేను మొదట అడిగేది పైపు సంగతే. "రాత్రికి సగం బకెట్టు పడుతోంది బాబూ, మందార చెట్టుకు పోస్తున్నా" అన్నది కిందటిసారి. పిల్లికూతలు తగ్గాయి.

ఉక్కగా ఉన్న రాత్రి మీ ఏసీ పైపు కూడా ఒకసారి చూడండి. చుక్క పడకపోతే మనిషిని పిలిపించి చూపించండి.